తీసింది తిరిగి వేయకుండా

బాయిలర్ గదిలో వెచ్చగా ఉంటుందని
హాస్టల్ పిల్లలంతా పడుకున్నాక
పుస్తకం చంకన పెట్టుకుని దిగొస్తుంది మార్గద్.
పన్నెండో తరగతి. జూన్‌లో దేశమంతటికీ ఒకటే పరీక్ష.
బయట మైనస్ ఇరవై ఆరు.
బయన్‌ఖొంగర్‌లో మార్చి అంటే వసంతమని
ఒక్క కేలండరే నమ్ముతుంది.

నేను బొగ్గు వేస్తాను. ఆమె లెక్క వేస్తుంది.
ఇద్దరికీ కలిపి ఒకటే బల్బు.

"లువ్‌సన్ తాతా, చీలమండ ఎముకలున్నాయా?"
లేకేం. మా జేబుల్లో డబ్బు లేకపోవచ్చు గానీ
గొర్రె ఎముకలు లేకపోవు.
గుర్రం, ఒంటె, గొర్రె, మేక.
నాలుగు ముఖాలు కాబట్టి ఒక్కోదానికీ నాలుగింట ఒకటి
అని రాసి, కింద గీత కూడా కొట్టింది.

నవ్వొచ్చి పార పక్కన పెట్టాను.
అరవై ఏళ్లుగా విసురుతున్నానమ్మాయ్,
గుర్రం అంత చౌకగా పడదు.
వెడల్పాటి వైపులు రెండే దీనికి.
ఎముక పడుకునేది నీ పుస్తకం చదివి కాదు,
దాని నడుం ఎటు వాలితే అటు.

నమ్మలేదు. విసరమంది.
మసి చేతుల్తో రెండు వందల సార్లు విసిరాను.
మేక ఎనభై ఒకటి. గొర్రె డెబ్భై ఎనిమిది.
గుర్రం ఇరవై నాలుగు.
ఒంటె పదిహేడే, అందులో ఒకటి
బల్లకాలికి ఆనుకుని ఆగింది.
లెక్కలోకి రాదంది. వస్తుందన్నాను.
కాసేపు పోట్లాడుకున్నాం.
నేనే గెలిచానో, నిద్రొచ్చి వదిలేసిందో.

నాలుగింట ఒకటిని కొట్టేసింది.
కొట్టేసినా అంకె కనపడుతూనే ఉంది.
"మరి పరీక్షలో ఏం రాయను?"
వాళ్లేం అడిగితే అది.

తర్వాతి లెక్క.
సంచిలో అయిదు ఎర్ర గోళీలు, మూడు నీలం.
ఒకటి తీశారు. తిరిగి వేయలేదు. ఇంకోటి తీశారు.
రెండూ ఎర్రవే అయ్యే సంభావ్యత ఎంత?
ఇక్కడే తప్పుతుంది ప్రతిసారీ.
పైన తగ్గిస్తుంది, కింద మర్చిపోతుంది.

కింది అంకెని హారం అంటారట.
మెడలో వేసుకునేదే అనుకున్నాను ఇన్నాళ్లూ.
పూస జారినకొద్దీ బిగుసుకునేది కూడా ఉంటుందన్నమాట.

ఆ తెల్లటి చలికాలం
గడ్డి మీద ఇనపరేకులా గడ్డకట్టిన మంచు,
డెక్కలతో గీకి గీకి నెత్తురోడిన కాళ్లు.
మూడు వందల పన్నెండు తలలు నావి.
ప్రతి తెల్లవారీ దొడ్లోంచి ఎవడో కొన్ని తీసేవాడు,
తీసింది తిరిగి వేసేవాడు కాదు.
"ఇవాళ కూడా ఇరవయ్యేలే" అనేవాడు మా బావ,
పెరగలేదు కదా అన్నట్టు.
మొదటి రోజు ఇరవై అంటే పదిహేనింట ఒకటి.
చివర్లో ఇరవై అంటే మూడింట ఒకటి.
బావా, కింద చూడు, అనాలని
అప్పుడు తెలీలేదు.

ఇదంతా పిల్లకి చెప్పలేదు.
"కింద కూడా తగ్గించు తల్లీ, సంచి చిన్నదైంది" అన్నాను.
ఎనిమిదిని ఏడు చేసింది.
పద్నాలుగింట అయిదు.
వెనక పేజీలో జవాబూ అదే.

ఒంటిగంటకి "కనీసం ఒకటి" లెక్కలకొచ్చింది.
కనీసం ఒకటి రావడానికి దారులు బోలెడట,
అన్నీ వెతుకుతూ కూర్చుంటే తెల్లారిపోతుందట.
తుంగలగ్ టీచర్ చిట్కా ఇచ్చింది:
ఒక్కటీ రాకపోవడం ఎంతో చూడు,
దాన్ని ఒకటిలోంచి తీసెయ్.

మళ్లీ చెప్పమన్నాను.
అర్థం కాలేదనుకుని నెమ్మదిగా చెప్పింది.

ఆ ఏడు నాకు మిగిలింది ఒక మేక.
ఒక చెవి మంచుకి రాలిపోయింది.
దాని పిల్లల పిల్లలు మా మేనకోడలి మందలో ఉన్నాయి,
ఎన్నో లెక్కపెట్టాలనిపించలేదు.

"ఇంకో వందసార్లు విసురుతావా తాతా?"
గేజి ముల్లు కిందికి జారుతోంది.
ముందు బొగ్గు, అన్నాను.
ఎముక ఆమె చేతిలో పెట్టి పార అందుకున్నాను.

వెనక బల్లమీద టక్కుమంది.
"గుర్రం!" అని అరిచి
పైన పిల్లలు లేస్తారని నోరు మూసుకుంది.

నేను చూళ్లేదు, లెక్కలోకి రాదన్నాను.
వస్తుందంది.